చేపల వంతు పొంగలి

మా ఇంట్లో తెలుగు మాట్లాడని వాళ్ళు లేరు, తెలుగు చదవగలిగిన వాళ్ళూ లేరు. నేనొక్కదాన్నే హోసూరు వైపు బడిలో అక్షరాలు నేర్చుకుని, పెళ్ళి చేసుకుని ఇటు ధర్మపురి జిల్లా కంబైనల్లూరు పక్కకు వచ్చాను. అందుకే ఈ సంగతి తెలుగులో రాస్తున్నాను. తమిళంలో రాస్తే మా ఆయన చదివేసి, పాలకోడు టమాటా మండీ దాకా చెప్పి వస్తాడు. తెలుగులో రాసి టీవీ మీద పెట్టినా మా ఇంట్లో ఎవరూ తాకరు.

ముందు నా ఒళ్ళు సంగతి చెప్పాలి. నాది పెద్ద ఒళ్ళు. చిన్నప్పటి నుంచీ అంతే. పెళ్ళినాడు నేను కుడికాలు పెట్టి ఇంట్లోకి వస్తుంటే, "పిల్ల బాగుండాది, గడప కొంచెం వెడల్పు చేయించల్ల" అని ఒక గొంతు వినిపించింది. అందరూ నవ్వారు. ఆ గొంతు మా పెద్దత్తది. అంటే మా మామగారి అక్క. తొప్పూరులో ఉంటుంది, ప్రతి శుభానికీ ముందు రోజే దిగుతుంది. మా అత్త వండిన పులుసులో ఉప్పు నుంచి మా అత్త కన్న పిల్లల రంగు దాకా అన్నిటికీ తీర్పు చెప్పింది ఆమే. మా మామ పోయాక కూడా ఆ తీర్పులు ఆగలేదు.

ఆ రోజు నుంచి బంధువుల ముందు నేను సగం కడుపుకే తింటాను. విస్తరి ముందు కూర్చుంటే పది కళ్ళు నా చేతి మీదే ఉన్నట్టుంటుంది. మిగతా సగం తరువాత వంటింట్లో నిలబడి తింటాను. ఇదంతా మా అత్తకు తెలుసు. నాకోసం ఒక గిన్నె మూతపెట్టి పక్కన ఉంచుతుంది, ఎవరితోనూ అనదు. ఆమె పిడికెడు మనిషి. గాలి వీస్తే పట్టుకోవాలనిపిస్తుంది. కానీ ఎదుటివాళ్ళకు పెట్టడంలో ఆమెను మించినవాళ్ళు ఉండరు.

మాది మెట్ట. టమాటా వేస్తాం, వాన బాగుంటే రాగి వేస్తాం. కొన్నేళ్ళ కింద సర్కారు సాయంతో పొలంలో కుంట తవ్వించి, నల్ల షీటు పరిచి, బోరు నీళ్ళు నింపుకున్నాం. మా ఆయన ఆ కుంటను టమాటా తోట కోసమే తవ్వించాడు. ఊరికే నిలబడి ఉన్న నీళ్ళను చూసి చేపపిల్లలు వేద్దామన్నది నేను. "నీళ్ళు నావి, చేపలు నీవి" అన్నాడాయన. పెళ్ళయ్యాక నాది అని ఎవరైనా అన్న మొదటి వస్తువు అదే.

మొదటి ఏడాది పరువు పోయింది. ఆశకొద్దీ పిల్లల్ని ఎక్కువ వేశాను, చేతికొచ్చినంత మేత వేశాను. వల లాగితే వచ్చినవి తలలే. ఒక్కొక్క దానికీ తల పెద్దది, ఒళ్ళు సన్నం. ఎంత వేసినా అన్ని నోళ్ళకూ చాలక, తలకాయలు ముదిరిపోయి, ఒళ్ళు ఎదగక ఆగిపోయాయి. పెద్దత్త వచ్చి చూసి, "మేపే ఆమె ఒంటికి పోయింది, చేపల ఒంటికి పోలే" అంది. నేను కూడా నవ్వాను. నవ్వకపోతే ఏడవాలి కదా.

ఆ తరువాత ధర్మపురిలో చేపల పెంపకం శిక్షణ పెడితే పోయాను. అక్కడ చెప్పినవి నా మాటల్లో చెప్తాను. పిల్లచేపకు ఒళ్ళు చిన్నది, ఆకలి పెద్దది. తన బరువుతో పోలిస్తే అది పెద్ద చేప కన్నా చాలా ఎక్కువ తింటుంది. తిన్నది తొందరగా ఒంటికి పడుతుంది, ఒక పూట తప్పితే నీరసపడుతుంది. అందుకే దానికి కొంచెం కొంచెంగా చాలాసార్లు పెట్టాలి. పెద్ద చేపకు ఆ తొందర లేదు. దాని బరువుకు కొద్దిపాటి మేత చాలు, ఒకటి రెండు రోజులు పస్తున్నా దానికేమీ కాదు. ఎక్కువ వేస్తే తిని పెరగదు, నీళ్ళు పాడవుతాయి. ఒకే ఈడు పిల్లల్లో కూడా ఒకటి ముందు నోరు పెట్టి కొంచెం పెద్దదవుతుంది. పెద్దదయ్యాక మిగతావాటిని తోసి ఇంకా తింటుంది. అందుకే మధ్యమధ్యలో వల వేసి పెద్దవాటిని వేరు చేయాలి.

ఇంకొకటి కూడా చెప్పారు. అదే ఈ కథకు ముఖ్యం. తిన్నది అరగడానికి చేపకు గాలి కావాలి. విందు భోజనం చేసి మెట్లెక్కిన మనిషి ఎలా రొప్పుతాడో, కడుపు నిండిన చేప కూడా అలాగే మామూలు కన్నా ఎక్కువ గాలి పీలుస్తుంది. నీళ్ళలోని పచ్చదనం ఎండ ఉన్నంతసేపే గాలి తయారుచేస్తుంది. మబ్బు పట్టిన రోజు అది తక్కువ, తెల్లవారేసరికి మరీ తక్కువ. అటువంటప్పుడు ముందు పోయేవి పెద్దవే, ఎందుకంటే పెద్ద ఒంటికి గాలీ ఎక్కువ కావాలి. చిన్నవి నీటి పైపొరలో మూతి పెట్టుకుని ఎలాగో బతుకుతాయి.

అదంతా వింటుంటే నాకు ఎందుకో హాయిగా అనిపించింది. ఒక ఒళ్ళు పెద్దదో చిన్నదో ఎందుకవుతుందో ఎవరూ నవ్వకుండా, వేలు చూపించకుండా చెప్పడం నేను అప్పుడే విన్నాను.

తరువాతి ఏళ్ళలో చేపలు బాగా వచ్చాయి. నూనె తీసిన చెనిక్కాయ చెక్క, తవుడు కలిపి చిల్లుల సంచిలో కట్టి నీళ్ళలో వేలాడదీసేదాన్ని. సాయంత్రం మా అత్త వచ్చి గట్టు మీద కూర్చునేది. కట్ల చేప, అదే బొచ్చె, నీళ్ళ పైకి వచ్చి నోరు తెరిస్తే ఆమె ప్రాణం ఉసూరుమనేది.

"పావం, నోరు తెరిచింది కదే. ఇంకొక గుప్పెడు వెయ్యి."

"అత్తా, దాని నోరు ఎప్పుడూ తెరిచే ఉంటాది."

"మీ పెద్దత్త మాదిరినా?"

ఇద్దరం గట్టు మీద కూర్చుని కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వేవాళ్ళం. ఈ ఇంట్లో నాకు దొరికిన సుఖం అదే.

మా పాపకు చెవులు కుట్టించడానికి పెరటాసి అయిపోయాక ముహూర్తం పెట్టారు. దసరా సమయంలో వచ్చే ఆ తమిళ నెలంతా దేవుడి పేరున మా వాళ్ళు నీచు ముట్టరు. అది అయిపోగానే నాలుకలు లేచి ఉంటాయి. మొదటి రోజు కులదేవత గుడి దగ్గర చెవులు కుట్టడం, పొంగలి. రెండో రోజు బంధువులకు విందు. ఎప్పుడూ మేకను కోస్తారు. ఈసారి నేనే నోరు తెరిచి, "రెండో రోజు నా చేపలే" అన్నాను. పెద్దత్తకు కూడా ఫోన్లో చెప్పించాను. ఆ వంశం మొత్తం కూర్చుని నేను పెంచింది తినాలి, తిని బాగుందనాలి. ఒక్కసారైనా నా చేతిని చూసి, నా ఒంటిని కాకుండా, మాట్లాడాలి. నాకు కావాల్సింది అంతే. పెరటాసి అంతా ఎవరూ పట్టకపోవడంతో చేపలు కూడా బాగా బలిశాయి.

వల వేసే ముందు రోజు మేత ఆపేయాలి. కడుపు ఖాళీగా ఉంటే చేప వలలో తట్టుకుంటుంది, కోసేటప్పుడు శుభ్రంగానూ ఉంటుంది. ఇక్కడే మా ఇంటి ఆచారం ఒకటి అడ్డం వచ్చింది. మా ఇంట్లో శుభం జరిగిన రోజు, మనుషులు విస్తరి ముందు కూర్చోకముందే ఇంట్లో నోరున్న ప్రతిదానికీ దాని వంతు పెట్టాలి. ఆవుకు ఒక ఆకు, కుక్కకు ఒక ఆకు, కోళ్ళకు, గోడ మీది కాకులకు, చీమలకు కూడా ఒక చిటికెడు. ఒక్క నోరు ఖాళీగా ఉన్నా చేసిన శుభం నిలవదంటారు. ఆ వంతు పెట్టేది మా అత్తే.

ఆ రోజు గుడి నుంచి వచ్చి, అన్ని ఆకులూ పెట్టి, మా అత్త గిన్నె పట్టుకుని నా దగ్గరికి వచ్చింది.

"చేపలకి?"

"ఈ పొద్దు వద్దత్తా. రేపు వల వేయల్ల."

పెద్దత్త అక్కడే ఉంది. "చూసినావా," అంది మా అత్తతో, "నీ కోడలు నోరున్నవాటిని పస్తు పెడతాంది. అది కూడా బిడ్డకు చెవులు కుట్టిన రోజు. నువ్వు చూస్తా ఉండావు."

మా అత్త గిన్నె తీసుకుని లోపలికి పోయింది. నేను విప్పి చెప్పి ఉండొచ్చు. కానీ పెద్దత్త ముందు చేపల కడుపు గురించి మాట్లాడితే అది తిరిగి నా కడుపు మీదికే వస్తుందని నాకు తెలుసు. మధ్యాహ్నం నుంచి మబ్బు కమ్ముకుంది. జల్లు పడింది, మళ్ళీ ఆగింది. ఇంటినిండా జనం, నేను కుంట వైపు పోలేకపోయాను.

తెల్లవారగానే మా ఆయనా నేనూ వల తీసుకుని పోయాం. దూరం నుంచే తెల్లగా కనిపించాయి. పెద్ద కట్లలు పొట్టలు పైకి పెట్టి తేలుతున్నాయి. కొన్ని ఇంకా బతికి, నీళ్ళ మీద నోళ్ళు తెరిచి మూస్తున్నాయి. చిన్నవన్నీ ఒడ్డు పక్కన గుంపుగా మూతులు పైకెత్తి ఉన్నాయి. పెద్దవి పోయి చిన్నవి బతికాయంటే విషం కాదు, గాలి. ఆయన బోరు మోటారు వేయడానికి పరిగెత్తాడు. నేను చీర ఎగదోపుకుని కుంటలోకి దిగి, కొబ్బరిమట్టతో నీళ్ళను బాదడం మొదలుపెట్టాను.

గట్టు మీద ఒక విస్తరాకు పడి ఉంది. దాని మీద బెల్లం జిడ్డు. పక్కన నీటి అంచులో మెతుకులు తేలుతున్నాయి. ఎవరు చేసిందో చెప్పడానికి జోస్యం అక్కర్లేదు. నిన్న మిగిలిన పొంగలి గిన్నె, పెద్ద గిన్నె, మొత్తం కుంటలోకి పోయింది. మబ్బు రోజు, సాయంత్రం పూట, బెల్లం నెయ్యి కలిసిన అన్నం. పెద్దవి ముందు నోరు పెట్టి కడుపారా తిని ఉంటాయి.

అప్పటికి బంధువులంతా గట్టు మీదికి వచ్చేశారు. నడుందాకా నీళ్ళలో, ఒంటికి అంటుకున్న తడి చీరతో, ఏ ఒంటినైతే ఇన్నేళ్ళూ దాచుకుంటూ వచ్చానో ఆ ఒంటితో అందరి ముందూ నిలబడి నీళ్ళు బాదుతున్నాను. ఆ సిగ్గు ఇప్పుడు తలుచుకున్నా మెడ దాకా వేడెక్కుతుంది. ఒక చేత్తో చీర లాక్కోవాలా, రెండు చేతులా చేపల్ని కాపాడుకోవాలా తేలలేదు. చివరికి చేపల్నే చూసుకున్నాను.

"పస్తు పెట్టి చంపింది," అంది పెద్దత్త అందరికీ వినపడేట్టు. "మూగజీవులు. నేను నిన్ననే చెప్తిని. తను మాత్రం ఏ పూటా పస్తు ఉన్నట్టు కనపడదు."

మా అత్త గుంపు వెనక నిలబడి ఉంది. పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తేలుతున్న చేపల్నే చూస్తోంది. తను కడుపు నింపిన చేపలు పస్తుతో చచ్చాయని ఆమె కూడా నమ్మిందో, లేక ఏదో తప్పు జరిగిందని అర్థమైందో నాకు తెలియలేదు.

బోరు నీళ్ళు పడ్డాక చిన్నవి కోలుకున్నాయి. కొన ఊపిరితో ఉన్న పెద్దవాటినీ, అప్పుడే పోయినవాటినీ పైకి తీశాం. పారేయడమెందుకు, విందు ఎలాగూ చేయాల్సిందే. పెరట్లో కత్తిపీటలు వేసుకుని ఆడవాళ్ళు కూర్చున్నారు. పెద్దత్త అందరికన్నా పెద్ద కట్లను ముందు వేసుకుంది. లోపల ఏముంటుందో నాకు తెలుసు. ఆపడానికి నోరు రాలేదు. నిజం చెప్పాలంటే ఆపాలనిపించలేదు. కోయనీ, చూడనీ, పస్తు ఎవరు పెట్టారో అందరికీ కనపడనీ అనుకున్నాను.

పొట్ట చీల్చగానే పేగుల్లోంచి బెల్లం రంగు అన్నం వచ్చింది. ఒక జీడిపప్పు పలుకు కూడా. పెద్దత్త దాన్ని వేలి మీద పెట్టుకుని పైకెత్తింది.

"ఇది నిన్నటి పొంగలి కాదా? ఎవరు పెట్టింది?"

అందరి తలలూ లేచాయి. నేను మా అత్త వైపు చూశాను. ఆమె రెండు చేతులూ చీర కుచ్చెళ్ళలో దాచుకుని ఉంది, తిట్లు తినబోయే చిన్నపిల్ల మాదిరి. ఇన్నేళ్ళూ ఈ ఆడబిడ్డ ముందు ఉప్పుకూ పులుపుకూ మాటపడిన మనిషి, ఇప్పుడు మనవరాలి విందు పాడుచేసిన మనిషిగా నిలబడాలి. ఆమె పెదవులు కదిలాయి.

"నేనే పెట్టినాను పెద్దత్తా," అన్నాను. "మనసు ఒప్పక పొంగలి మొత్తం వేసినాను. ఎక్కువైపాయ."

పెద్దత్త నన్ను కిందికీ పైకీ చూసింది. "అదీ సంగతి. తనకు మల్లే అందరికీ కడుపు ఉంటాదనుకునింది." పెరడంతా నవ్వింది. పావుగంటలో అదొక కథయిపోయింది. విందులో ప్రతి విస్తరి దగ్గరా చెప్పుకున్నారు. కూర మాత్రం బాగుందన్నారు.

నేను లోపల్లోపల కొంచెం గర్వంగానే ఉన్నాను. అత్త పరువు కాపాడాను, నా నెత్తిన వేసుకున్నాను అని. ఆమె నన్ను పక్కకు పిలిచి చెయ్యి పట్టుకుంటుందని ఎదురుచూశాను. అందరూ పోయాక నిజంగానే పిలిచింది, ఆవుల కొట్టం దగ్గరికి.

"ఏమిటికి అట్ల చెప్పినావే?"

"నిన్ను అంటారని అత్తా."

"అంటే అననీ. ముసలిది, తెలీక పెట్టింది అంటారు, రెండు దినాలకు మరిచిపోతారు. నేను చెప్పబోతా ఉంటి. నోరు తెరిచే లోపల నువ్వు తెరిచినావు. ఇప్పుడు నేను నిజం చెప్తే నా కోడలు అబద్ధాలది అయితాది. చెప్పకపోతే నేను దొంగదాన్ని. నన్ను యాడ నిలబెట్టినావో చూసినావా?"

నేను ఆమెను పిల్ల మాదిరి చూశాను, ఆమె తప్పు ఆమె ఒప్పుకోగలదని అనుకోలేదు. పైగా పొట్ట చీల్చేదాకా ఆగి, ఆమె చేతులు దాచుకున్నాక దయ చూపించాను. అది దయ కాదని ఆమెకు తెలిసిపోయిందేమో అనిపించి తల ఎత్తలేకపోయాను. ఆ తరువాత ఆమె గట్టు మీదికి రావడం మానేసింది. నేను ఒక్కదాన్నే మేత సంచి కట్టి వస్తున్నాను. బతికిన చిన్నవి, జాగా దొరికి, ఇప్పుడు బాగా పెరుగుతున్నాయి. ఎవరికి చెప్పను?

మొన్న సంక్రాంతి తరువాత, తై నెలలో తొప్పూరులో పెద్దత్త మనవడి నిశ్చితార్థం. పంక్తిలో మా అత్త పక్కన నేను. పెద్దత్త వడ్డన చూసుకుంటూ, పెళ్ళికూతురి వైపు వాళ్ళకు నన్ను చూపించి ఆ కథ మొదలుపెట్టింది. "ఈమె చెయ్యి పడితే చేప కూడా తిని తినే చస్తాది." వాళ్ళు పగలబడి నవ్వారు. నేను అలవాటుగా నవ్వాను.

"ఆ పొంగలి పెట్టింది నేను," అంది మా అత్త.

గట్టిగా అనలేదు. కానీ పంక్తికంతా వినపడింది. పెద్దత్త ఒక్క నిమిషం నోరు తెరిచి చూసింది. తరువాత బుగ్గన వేలు పెట్టుకుంది.

"చూసినారా అమ్మా! కోడలి తప్పు తన నెత్తిన వేసుకుంటాంది. ఇట్లాంటి అత్త ఎవరికి దొరుకుతాది?"

నేను ఆ ఇంటికి వచ్చాక పెద్దత్త మా అత్తను మెచ్చుకోవడం అదే మొదటిసారి. మా అత్త ముఖం పాలిపోయింది. నా మోచేతిని పొడిచి, "చెప్పవే" అంది.

"నిజమే పెద్దత్తా. అత్తే పెట్టింది. ఆ పొద్దు నేను చెప్పిందే అబద్ధం."

"సరి సరి. నువ్వామెను కాపాడు, ఆమె నిన్ను కాపాడనీ," అని పెద్దత్త నవ్వింది. పెళ్ళికూతురి తల్లి అయితే కళ్ళు తుడుచుకుని, మా పిల్లా దాని అత్తా కూడా ఇలాగే ఉండాలి అంది. పాయసం బకెట్ పట్టుకుని పోతున్న మనిషిని పెద్దత్త వెనక్కి పిలిచి, మా ఇద్దరి ఆకుల్లోనూ మూడేసి గరిటెలు పోయించింది.

మా అత్త లేవబోయింది. నేను ఆమె మోకాలి మీద చెయ్యి వేశాను. శుభం జరిగే ఇంట్లో పంక్తి మధ్యలో విస్తరి ముందు నుంచి లేవకూడదు. అందుకని అందరూ మమ్మల్ని మురిపెంగా చూస్తుంటే, ఇద్దరం తలలు దించుకుని ఆ పాయసం మొత్తం తిన్నాం.